యూనిట్ లేని భయం: పంటి ఎక్స్‌రే కథ

మన బడిలో తొమ్మిది, పది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెప్పిన మాస్టారి దగ్గర చదివినవాళ్ళెవరూ ఒక సంగతి మరిచిపోయి ఉండరు. లెక్కంతా సరిగ్గా చేసి, జవాబు సరిగ్గా రాబట్టి, చివర యూనిట్ రాయకపోతే ఆయన సగం మార్కులే వేసేవారు. ‘ఐదు’ అని రాసి ఊరుకుంటే, “ఐదేమిట్రా? ఐదు మీటర్లా, ఐదు మామిడికాయలా?” అని క్లాసు మధ్యలో నిలబెట్టేవారు. ఆ ప్రశ్న విలువ నాకు నలభై ఏడేళ్ళు దాటాక, మా అమ్మ పన్ను పుణ్యమా అని తెలిసింది. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి అడిగినప్పుడు బడి జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. అవి నాకంటే బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని ఆ పన్ను కథ, దాని వెనక ఉన్న నూట ముప్ఫై ఏళ్ళ చరిత్ర రాస్తున్నాను.

నేను మెకానికల్ ఇంజినీరును. ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్ళూ విద్యుత్ కేంద్రాల నిర్మాణంలో బాయిలర్ గొట్టాల వెల్డింగు తనిఖీ నా పని. వెల్డు లోపల గాలిబుడగ ఉందో, పగులు ఉందో పైకి కనిపించదు. ఇరిడియం-192 అనే రేడియోధార్మిక పదార్థాన్ని ఒక పక్క, ఫిల్మును మరో పక్క పెట్టి బొమ్మ తీసేవాళ్ళం. ఆ పని రాత్రి షిఫ్టులోనే చేయాలి. చుట్టూ తాడు కట్టాలి, ఎర్రదీపం పెట్టాలి, మనిషన్నవాణ్ణి లోపలికి రానీయకూడదు. ఛాతీకి బ్యాడ్జి ఉండాలి. ఆ పదేళ్ళలో రేడియేషన్ అంటే భయం నా ఒంట్లో జీర్ణించుకుపోయింది. అది మంచి భయమే. కానీ దానికి యూనిట్ లేదు.

మా అమ్మకు కింది దవడ కుడివైపు పన్ను నొప్పి మొదలైంది. ఊళ్ళో డాక్టరు చూసి, ఎక్స్‌రే తీస్తేగాని చెప్పలేనన్నారట. అమ్మ నాకు ఫోన్ చేసింది. “ఎక్స్‌రేలు ఊరికే తీయించుకోకమ్మా, మంచివి కావు. ముందు మందులతో తగ్గుతుందేమో చూడు” అన్నాను. ఆవిడ చూసింది. ఎనిమిది నెలలు మాత్రలు మింగుతూ చూసింది. ఒకరోజు తెల్లవారేసరికి దవడ కింద వాచి నోరు తెరుచుకోలేదు, గుటక పడలేదు. ఆసుపత్రిలో చేర్చి, చీము తీయించి, ఐదు రోజులు ఉంచాల్సి వచ్చింది. పంటి వేరు కొన దగ్గర మొదలైన ఇన్ఫెక్షన్ ఎముకలోకి, అక్కడి నుంచి మెడవైపు దిగుతోందని చెప్పారు. ఎనిమిది నెలల ముందు బొటనవేలంత ఎక్స్‌రే ఒక్కటి తీసి ఉంటే అది కనిపించేదని కూడా చెప్పారు. “ముందే ఎందుకు తీయించలేదమ్మా?” అని అడిగితే అమ్మ, “మా అబ్బాయి ఇంజినీరండీ, వాడు వద్దన్నాడు” అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆ వారం మన బ్యాచ్‌లోనే చదివి పళ్ళ డాక్టరైన మిత్రుడికి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నాను. వాడు అంతా విని, “ప్రమాదం ప్రమాదం అన్నావు సరే, ఎంతరా? ఒక పంటి ఎక్స్‌రేకు డోసు ఎంతో తెలుసా?” అన్నాడు. తెలియదన్నాను. “మాస్టారుంటే నీకు సగం మార్కులు కూడా వేసేవారు కాదు” అన్నాడు. ఆ తర్వాత కూర్చుని చదివాను. చదివినదే ఇక్కడ చెబుతున్నాను.

ఇరవై ఐదు నిమిషాల బొమ్మ

1895 నవంబరు 8న జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఒక గాజు గొట్టంలో విద్యుత్తు పంపిస్తూ, నల్ల కాగితం కప్పినా దూరంగా ఉన్న తెర మెరవడం గమనించాడు. ఆ కిరణాలేమిటో తెలియక ‘ఎక్స్’ అన్నాడు. పాఠాల్లో తెలియని రాశికి మనం పెట్టుకునే పేరే అది. డిసెంబరు 22న భార్య అన్నా బెర్తా చేతి ఎముకల బొమ్మ తీశాడు, 28వ తేదీన వ్యాసం అందజేశాడు. భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి, 1901లో, ఆయనకే వచ్చింది. ఈ కనుగోలుకు ఆయన పేటెంటు తీసుకోలేదు. అందువల్ల ఇది వారాల్లో ప్రపంచమంతా పాకింది.

ఎంత త్వరగా పాకిందంటే, మూడు వారాలు తిరగకముందే, 1896 జనవరి 14న, బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఒట్టో వాల్‌కోఫ్ అనే పళ్ళ డాక్టరు తన నోట్లోనే ఒక చిన్న గాజు ఫొటో పలక పెట్టుకున్నాడు. తడి తగలకుండా దానికి నల్ల కాగితం, రబ్బరు చుట్టాడు. మిత్రుడు ఫ్రిడ్రిష్ గీసెల్ సాయం చేశాడు. ఎక్స్‌పోజర్ 25 నిమిషాలు పట్టింది. నోరు తెరిచి కదలకుండా 25 నిమిషాలు! మనం సెన్సరు నోట్లో పెట్టగానే డోకు వస్తోందని గింజుకుంటాం. ప్రపంచంలో తొలి పంటి ఎక్స్‌రేకు పేషెంటు కూడా డాక్టరే కాబట్టి ఓర్చుకున్నాడు.

ఇప్పుడు అదే బొమ్మకు సెకనులో పదో వంతు చాలు. 25 నిమిషాలంటే 1,500 సెకన్లు. కాలం పదిహేను వేల రెట్లు తగ్గిందన్నమాట. కాలం తగ్గినంత కచ్చితంగా డోసూ తగ్గిందని అనలేం. గొట్టం బలం, కిరణాల తీరు రెండూ మారాయి. అయినా ఈ దారి ఎంత పొడవైనదో ఆ లెక్క చెబుతుంది. ఆ దారిలో కొందరు వేళ్ళు పోగొట్టుకున్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

చేతులు పోయినవాళ్ళు

అమెరికాలో న్యూ ఆర్లీన్స్ నగరంలో ఎడ్మండ్ కెల్స్ అనే పళ్ళ డాక్టరు 1896లోనే ఎక్స్‌రే పని మొదలుపెట్టాడు. అప్పటి గొట్టాలు రోజుకో తీరుగా ఉండేవి. కిరణాల బలం సరిగ్గా ఉందో లేదో చూడడానికి మీటర్లు లేవు. గొట్టానికీ మెరిసే తెరకూ మధ్య తన చెయ్యే పెట్టి, ఎముకలు స్పష్టంగా కనిపిస్తే సరిపోయిందనుకునేవాడు. అలా ఏళ్ళ తరబడి చేశాడు. ముందు చర్మం పాడైంది, తర్వాత క్యాన్సరు వచ్చింది. ఒక్కో వేలూ పోయింది, తర్వాత చెయ్యి, తర్వాత భుజం దాకా తీసేశారు. శస్త్రచికిత్సల మీద శస్త్రచికిత్సలు భరించి చివరికి 1928లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఎడిసన్ ప్రయోగశాలలో ఎక్స్‌రే గొట్టాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ అంతకు చాలా ముందే, 1904లో, రెండు చేతులూ పోగొట్టుకుని చనిపోయాడు. ఆ దెబ్బతో ఎడిసన్ ఎక్స్‌రే పనే మానేశాడు.

హెచ్చరించినవాళ్ళు లేకపోలేదు. బోస్టన్‌లో విలియం రోలిన్స్ అనే పళ్ళ డాక్టరు 1901లో గినీ పందుల మీద పరీక్షలు చేసి, ఈ కిరణాలు ప్రాణం తీయగలవని చూపించాడు. గొట్టాన్ని కిరణాలు బయటికి రాని పెట్టెలో ఉంచాలన్నాడు. కావలసిన చోటికి మాత్రమే సన్నని కిరణపుంజం వదలాలన్నాడు. బొమ్మకు అక్కర్లేని శరీర భాగాలు కప్పాలన్నాడు. ఇవాళ మనం రక్షణ అని చెప్పుకునేదంతా దాదాపు ఆయన రాసిపెట్టిందే. ఆ రోజుల్లో వినిపించుకున్నవాళ్ళు తక్కువ.

గమనించవలసిన సంగతి ఒకటుంది. కెల్స్, డాలీ పేషెంట్లు కారు. రోజూ, ఏళ్ళ తరబడి, అడ్డం ఏమీ లేకుండా కిరణాల్లో చెయ్యి పెట్టినవాళ్ళు. మనలో తరతరాలుగా దిగిన ఎక్స్‌రే భయానికి మూలం ఇలాంటి నిజమైన మరణాలే. భయం అబద్ధం కాదు. అయితే వాళ్ళ డోసుకూ, మీ పంటి డోసుకూ మధ్య ఉన్న దూరం భయంతో పాటు మనకు చేరలేదు.

వేడి తీగ, చుట్టిన ఫిల్ము

1913 పంటి ఎక్స్‌రేకు ముఖ్యమైన ఏడాది. జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్ తీగను వేడి చేసి ఎలక్ట్రాన్లు పుట్టించే గొట్టం తయారుచేశాడు. తీగ వేడి మారిస్తే కిరణాల పరిమాణం మారుతుంది, వోల్టేజీ మారిస్తే చొచ్చుకుపోయే శక్తి మారుతుంది. రెండూ విడివిడిగా మన అదుపులోకి వచ్చాయి. చెయ్యి అడ్డం పెట్టి చూసుకునే అవసరం తీరింది. ఇప్పటికీ పళ్ళ క్లినిక్కులో ఉన్న గొట్టం మూలసూత్రం అదే. అదే ఏడాది ఈస్ట్‌మన్ కొడాక్ ముందే చుట్టిన చిన్న పంటి ఫిల్ములు తెచ్చింది. గాజు పలకల బాధ పోయింది.

ఆ తర్వాత డెబ్భై ఏళ్ళూ ఫిల్ముదే రాజ్యం. మన చిన్నప్పుడు డాక్టరు గారు నోట్లో ఫిల్ము పెట్టి వేలితో అదిమి పట్టుకోమనేవారు. తీశాక చీకటి గదిలో డెవలపర్, ఫిక్సర్ డబ్బాల్లో ముంచి, క్లిప్పుకు తగిలించి ఆరబెట్టేవారు. డెవలపర్ పాతబడితే బొమ్మ పాలిపోయేది. కొత్తది కలిపే బదులు ఎక్స్‌పోజర్ పెంచేవాళ్ళూ ఉండేవారు. అంటే రసాయనం ఆదా, పేషెంటుకు డోసు.

ఫిల్ము కూడా మెరుగుపడుతూ వచ్చింది. 1955లో డి-స్పీడ్, 1981లో ఇ-స్పీడ్, 2000లో ఎఫ్-స్పీడ్ ఫిల్ములు వచ్చాయి. స్పీడ్ పెరిగిన కొద్దీ అదే బొమ్మకు తక్కువ కిరణాలు చాలు. ఎఫ్-స్పీడ్‌కు డి-స్పీడ్‌కు కావలసిన దానిలో సగం కూడా అక్కర్లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, డిజిటల్ ప్రకటనలు చదివేటప్పుడు పనికొస్తుంది.

ఆర్‌వీజీ ఎక్కడి నుంచి వచ్చింది

మన ఊళ్ళలో పళ్ళ డాక్టర్లు “ఆర్‌వీజీ తీయాలండీ” అంటారు. చాలామంది అది వేరే పరీక్ష అనుకుంటారు. అది పంటి డిజిటల్ ఎక్స్‌రేకు మొదటి యంత్రం పేరు: రేడియో విజియో గ్రఫీ. ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మూయెన్ అనే పళ్ళ డాక్టరు ఊహ అది. ట్రోఫీ అనే ఫ్రెంచి కంపెనీ 1987లో మార్కెట్లోకి తెచ్చింది. మనం మోటారు పంపును కంపెనీ పేరుతో పిలిచినట్టే, ఎవరు తయారుచేసిన సెన్సరైనా మన దగ్గర ఆర్‌వీజీ అయిపోయింది.

దాని గుండెకాయ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టిన సీసీడీ అనే సిలికాన్ చిప్ అది. వెలుతురు పడినచోట విద్యుదావేశం పోగై, దాన్ని వరసగా చదివితే బొమ్మ వస్తుంది. దానికి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటి సెన్సర్లలో ఎక్కువ భాగం సీమాస్ రకం, మీ ఫోను కెమెరాకు దగ్గరి చుట్టం.

చిప్ వెలుతురునే బాగా చూస్తుంది, ఎక్స్‌కిరణాలను అంత బాగా చూడలేదు. అందుకని దాని మీద సింటిలేటర్ అనే పొర వేస్తారు. ఎక్స్‌కిరణం తగిలితే ఆ పొర మెరుస్తుంది. రాంట్‌జెన్ చూసిన తెర మెరుపే ఇది. ఆ మెరుపును కింది చిప్ లక్షల గడులుగా చదివి కంప్యూటరుకు పంపుతుంది. మూడు నాలుగు సెకన్లలో తెర మీద పన్ను కనిపిస్తుంది. చీకటి గది లేదు, డెవలపర్ లేదు. ఇంకో రకం ఉంది: ఫిల్ములా పలచగా ఉండే ఫాస్ఫర్ ప్లేటు. కిరణాల ముద్రను దాచుకుంటుంది, తర్వాత లేజరుతో చదవాలి. దీని మూలం 1980ల మొదట్లో జపాన్‌లో ఫ్యూజీ సంస్థ చేసిన పని. సెన్సరు గట్టిగా, మందంగా ఉండి నోట్లో ఒత్తుకుంటుంది. ప్లేటు కాస్త హాయి, కానీ ఒక నిమిషం ఎక్కువ పడుతుంది.

1990ల చివర్లో ఇటలీ, జపాన్‌ల నుంచి మూడోది వచ్చింది. తల చుట్టూ యంత్రం తిరిగి దవడను మూడు కొలతల్లో చూపించే సీబీసీటీ. ఇంప్లాంటు పెట్టేముందు, జ్ఞానదంతం నరానికి ఎంత దగ్గరగా ఉందో చూసేముందు ఇది చాలా విలువైనది.

ఇప్పుడు యూనిట్లు

రేడియేషన్ వల్ల శరీరానికి ఉండే ముప్పును కొలిచే యూనిట్ సీవర్ట్. స్వీడన్ శాస్త్రవేత్త రోల్ఫ్ సీవర్ట్ పేరు మీద పెట్టారు. అది చాలా పెద్ద యూనిట్ కాబట్టి మనకు కావలసింది దానిలో పది లక్షలో వంతు, మైక్రోసీవర్ట్.

మనం ఏ ఎక్స్‌రే తీయించుకోకపోయినా నేల నుంచి, ఇంటి గోడల నుంచి, తినే తిండి నుంచి, ఆకాశం నుంచి రేడియేషన్ అందుతూనే ఉంటుంది. ప్రపంచ సగటు ఏడాదికి సుమారు 2,400 మైక్రోసీవర్ట్‌లు. రోజుకు ఆరున్నర. ఇక పంటి లెక్కలు చూడండి. ఒకటి రెండు పళ్ళకు తీసే చిన్న డిజిటల్ ఎక్స్‌రేకు సాధారణంగా పది మైక్రోసీవర్ట్‌ల లోపే, మంచి పరికరంతో ఒకటి రెండే. నోరంతా ఒకే బొమ్మలో వచ్చే ఓపీజీకి కొన్ని నుంచి పాతిక దాకా. సీబీసీటీకి యంత్రాన్ని బట్టి, ఎంత మేర తీస్తారన్నదాన్ని బట్టి పది నుంచి కొన్ని వందల దాకా, ఒక్కోసారి వెయ్యికి దగ్గరగా.

మా అమ్మకు నేను వద్దన్నది ఏమిటో ఇప్పుడు చూడండి. ఆవిడ పెరట్లో తులసికోట చుట్టూ తిరుగుతూ, ఇంట్లో పడుకుని, ఒక రోజులో మామూలుగా పొందే రేడియేషన్ పాటిది. ఎనిమిది నెలల్లో ప్రకృతి ఆవిడకు దానికి రెండు వందల రెట్లకు పైగా ఇచ్చే ఉంటుంది.

నా భయం ఎక్కడ దారి తప్పిందో కూడా అప్పుడే అర్థమైంది. నేను పనిచేసిన ఇరిడియం స్విచ్చి లేని దీపం. పెట్టెలో పెట్టినా లోపల వెలుగుతూనే ఉంటుంది. పంటి ఎక్స్‌రే గొట్టం స్విచ్చి ఉన్న దీపం. బటన్ వదలగానే కిరణాలు ఆగిపోతాయి. నోట్లో గాని, గదిలో గాని ఏమీ మిగలదు. రెంటినీ ఒకే మాటతో ‘రేడియేషన్’ అని పిలిచి, రెండూ ఒకటే అనుకున్నాను.

మరి అంత తక్కువైతే డాక్టరు బయటికి ఎందుకు వెళ్తారు? అందరూ అడిగే ప్రశ్న. మీరు ఏడాదికి ఒకటో రెండో తీయించుకుంటారు, ఆయన రోజుకు ఎన్నో తీస్తారు, ముప్ఫై ఏళ్ళు తీస్తారు. పైగా ఆ బొమ్మ వల్ల లాభం మీకే, ఆయన ఒంటికి ఏ లాభమూ లేదు. పదో తరగతిలో చదివిన విలోమ వర్గ నియమం ఇక్కడ పనిచేస్తుంది: దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతవుతుంది. కనీసం రెండు మీటర్లు దూరం జరగడం లేదా గోడ చాటుకు వెళ్ళడం కెల్స్ కథ నేర్పిన పాఠమే.

తక్కువ అనగానే ఎక్కువ సార్లు

ఇంతవరకు చదివి ‘అయితే ఎన్ని తీసినా పరవాలేదు’ అనుకుంటే అది నా తప్పుకు అద్దంలో బొమ్మ. చిన్న డోసు అంటే సున్నా డోసు కాదు. అందుకే ప్రతి ఎక్స్‌రేకు రెండు ప్రశ్నలకు జవాబుండాలని రేడియేషన్ రక్షణ శాస్త్రం చెబుతుంది: ఇది అవసరమా? అవసరమైతే, బొమ్మ పనికొచ్చేంత వరకే, ఎంత తక్కువతో తీయగలం? ఉద్యోగరీత్యా రేడియేషన్‌లో ఉండేవాళ్ళకు ఏడాదికింత అన్న పరిమితి ఉంది. పేషెంటుకు అలాంటి పరిమితి లేదు, ఎందుకంటే ప్రాణం మీదికొచ్చినప్పుడు పరిమితి అడ్డు కాకూడదు. ఆ పరిమితి స్థానంలో ఉండవలసింది ఆ రెండు ప్రశ్నలే.

డిజిటల్‌కు తనదైన బలహీనత ఉంది. ఫిల్ము రోజుల్లో బొమ్మ సరిగ్గా రాకపోతే మళ్ళీ కడగాలి, పది నిమిషాలు పోతాయి, ఖర్చవుతుంది. కాబట్టి మొదటిసారే జాగ్రత్తగా పెట్టేవారు. డిజిటల్‌లో మళ్ళీ నొక్కితే చాలు. గట్టి సెన్సరు కదిలి వేరు కొన తప్పిపోతే రెండోసారి, మూడోసారి తీస్తారు. ఒక్కోదానికి సగం డోసు ఆదా చేసి మూడుసార్లు తీస్తే లాభం ఎటుపోయింది? అలాగే ఫిల్ముకు ఎక్స్‌పోజర్ ఎక్కువైతే బొమ్మ నల్లబడి తప్పు తెలిసిపోయేది. ఫాస్ఫర్ ప్లేటులో ఎక్కువైనా కంప్యూటరు సర్ది చక్కటి బొమ్మే చూపిస్తుంది. తప్పు కంటికి కనపడదు.

“డిజిటల్‌తో 90 శాతం తక్కువ రేడియేషన్” అని బోర్డులు చూస్తుంటాం. దేనితో పోలిస్తే అని అడగాలి. పాత డి-స్పీడ్ ఫిల్ముతో పోలిస్తే తగ్గింపు పెద్దదే, సగానికి పైనే. ఎఫ్-స్పీడ్ ఫిల్ముతో పోలిస్తే తేడా అంతుండదు. నిజానికి గొట్టం మూతికి గుండ్రటి కంతకు బదులు సెన్సరంతే ఉండే దీర్ఘచతురస్రపు కంత పెడితే, ఖరీదైన సెన్సరు లేకుండానే డోసు సగానికి పైగా తగ్గుతుంది. రోలిన్స్ 1901 నాటి సలహా అది.

నా సంగతే చెబుతాను. రెండేళ్ళ కిందట ఒక ఇంప్లాంటు కోసం ఏడాదిలో మూడు చోట్లకు వెళ్ళాను. మూడు చోట్లా కొత్తగా ఓపీజీ తీశారు. ముందుది ఉందా అని వాళ్ళు అడగలేదు, నేను ముందు చోట అడిగి తెచ్చుకోలేదు. తప్పులో సగం నాది. డిజిటల్ అంటే కాపీకి ఖర్చులేని వస్తువు. దాన్ని వదిలేసి మూడుసార్లు తీయించుకోవడం ఇంజినీరు చేయవలసిన పని కాదు.

కుర్చీలో కూర్చున్నప్పుడు

పేషెంటుగా మనం అడగగలిగినవి, తెలుసుకోవలసినవి ఇవి.

“దీనివల్ల ఏం తేలుతుంది డాక్టరుగారూ?” అని అడగండి. మంచి డాక్టరు నొచ్చుకోరు. పళ్ళ మధ్య పుచ్చు, వేరు కొన చీము, చిగురు కింద ఎముక అరుగుదల నోట్లో చూస్తే కనపడవు, ఎక్స్‌రేలోనే కనిపిస్తాయి. అలాగని ఆరునెలలకోసారి అందరికీ తీయాలన్న నియమమేదీ లేదు. పుచ్చుపళ్ళు తరచూ వచ్చే మనిషికి ఒకలా, పళ్ళు గట్టిగా ఉన్న మనిషికి ఒకలా నోరు చూశాకే నిర్ణయించాలి. చిన్న ఎక్స్‌రేతో సరిపోయేదానికి సీబీసీటీ అక్కర్లేదు. పిల్లల విషయంలో ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. పెరిగే శరీరానికి రేడియేషన్ ముప్పు పెద్దలకంటే ఎక్కువ.

గర్భిణి అయితే ముందే చెప్పాలి. అత్యవసరం కానిది వాయిదా వేయవచ్చు. కానీ చీము పట్టిన పన్నును ఎక్స్‌రే భయంతో వదిలేయడం తల్లికీ బిడ్డకూ ఎక్కువ ప్రమాదం. పంటి ఎక్స్‌రే పుంజం పడేది మూతి మీద, కడుపు మీద కాదు.

సీసపు ఏప్రాన్ గురించి ఒక మార్పు వచ్చింది. 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పంటి ఎక్స్‌రేలకు ఏప్రాన్, మెడపట్టీ ఇక మామూలుగా అక్కర్లేదని చెప్పింది. ఇప్పటి యంత్రాల పుంజం అంత సన్నం. పైగా అవి ఒక్కోసారి పుంజానికి అడ్డొచ్చి మళ్ళీ తీయవలసి వస్తుంది. మన దగ్గర చాలాచోట్ల ఇంకా వేస్తారు. వేస్తే వేయించుకోండి. వేయకపోతే డాక్టరు నిర్లక్ష్యం చేశారని వెంటనే అనుకోకండి.

రేడియేషన్ కంటే నేను ముందుగా చూసేది ప్లాస్టిక్ తొడుగు. ఫిల్ము ఒక్కరికే వాడి పడేసేవారు. సెన్సరు అందరి నోళ్ళలోకీ వెళ్తుంది. ప్రతి పేషెంటుకూ కొత్త తొడుగు వేయాలి, మధ్యలో తుడవాలి. వేయకపోతే మొహమాటపడకుండా అడగండి.

మన దేశంలో ఎక్స్‌రే యంత్రాలను చూసే సంస్థ 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ. పళ్ళ క్లినిక్కులోని యంత్రానికీ దాని అనుమతి ఉండాలి. ఆ కాగితం గోడకు కనిపిస్తే ఆ క్లినిక్కు మీద నాకు నమ్మకం పెరుగుతుంది.

డోకు వస్తే ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. కదలకండి. ఒక్కసారిలో సరిగ్గా వచ్చిన బొమ్మే అన్నిటికంటే తక్కువ డోసు.

చివరిది, ముఖ్యమైనది: బొమ్మ మీ చేతికి తీసుకోండి. వాట్సాప్‌లో పంపిస్తే బొమ్మ కుదించుకుపోతుంది. అసలు ఫైలు మెయిల్ చేయమనండి, సీబీసీటీ అయితే డైకామ్ ఫైళ్ళు అడగండి. తేదీ, పంటి నంబరు రాయించుకోండి. డాక్టర్లు “46” అంటే నలభై ఆరో పన్ను అని కంగారుపడకండి. నోటిని నాలుగు భాగాలు చేస్తే, నాలుగోది కింద కుడివైపు. అందులో మధ్య నుంచి ఆరో పన్ను. మా అమ్మను బాధపెట్టింది అదే.

అమ్మకు ఇప్పుడు ఎనభై రెండు. ఆ పన్ను పోయింది గాని మనిషి గట్టిగానే ఉంది. పోయిన సంక్రాంతికి ఎడమవైపు మరో పన్ను జివ్వుమంటోందంది. ఈసారి నాకు ఫోన్ చేయలేదు. తనే రిక్షా ఎక్కి వెళ్ళి, ఎక్స్‌రే తీయించుకుని, రూట్ కెనాల్ మొదలుపెట్టించుకుని వచ్చాక చెప్పింది. “నిన్నడిగితే మళ్ళీ ఏమంటావోనని” అంది. నిన్నగాక మొన్న ఆ ఫైలును నా ఫోనులో ‘36, అమ్మ’ అని పేరు పెట్టి దాచుకున్నాను.

మన మాస్టారు ఇప్పుడు లేరు. ఉంటే ఈ వ్యాసం ముందుగా ఆయనకే చూపించి, ఎక్కడైనా యూనిట్ మరిచిపోయానేమో దిద్దమని అడిగేవాణ్ణి.